స్కానింగ్‌కి వెళ్లే ముందు ఎలా సిద్ధం కావాలి?

డాక్టరు రాసిచ్చిన చీటీ చేతికి రాగానే, ఏ స్కాన్ రాశారో, ఏ భాగానికి రాశారో చూసుకోండి. అర్థం కాకపోతే అక్కడే అడగండి. అల్ట్రాసౌండ్, సీటీ, ఎమ్మారై అన్నిటినీ మనం ‘స్కానింగ్’ అనేస్తాం గానీ, దేని జాగ్రత్తలు దానివే.

అపాయింట్‌మెంట్ తీసుకునేటప్పుడు అడగాల్సినవి

తిని రావచ్చా, నీళ్లు తాగొచ్చా, రోజూ వేసుకునే మందుల సంగతేమిటి? ఈ మూడూ తప్పకుండా అడగండి. పొట్ట పైభాగానికి అల్ట్రాసౌండ్ అయితే మామూలుగా 6 నుంచి 8 గంటలు ఏమీ తినకుండా రమ్మంటారు. ఏదైనా తింటే పిత్తాశయం ముడుచుకుపోతుంది, లోపల రాళ్లున్నా సరిగా కనబడవు. పొత్తికడుపు స్కాన్‌కు మాత్రం నీళ్లు బాగా తాగి, మూత్రం ఆపుకుని రమ్మనడం మామూలు. మూత్రాశయం నిండితే పేగులు పక్కకు జరిగి గర్భసంచి, అండాశయాలు స్పష్టంగా కనిపిస్తాయి.

షుగర్ ఉన్నవాళ్లు ఖాళీ కడుపుతో ఉండాల్సి వస్తే పొద్దున్నే టైమ్ ఇమ్మని అడగండి. ఆ పూట ఇన్సులిన్, మాత్రలు ఎలా వాడాలో మీ డాక్టరే చెప్పాలి, సొంతంగా మానేయొద్దు.

రంగు మందు ఎక్కిస్తారా?

కొన్ని స్కాన్లలో అవయవాలు స్పష్టంగా కనబడటానికి నరంలోకి కాంట్రాస్ట్ మందు ఎక్కిస్తారు. సీటీకి వాడేది అయోడిన్ ఉన్న మందు, ఎమ్మారైకి గాడోలినియం. కిడ్నీ జబ్బు ఉన్నా, షుగర్‌కి మెట్‌ఫార్మిన్ మాత్రలు వాడుతున్నా, ఇదివరకు ఇలాంటి మందు పడకపోయినా ముందే చెప్పండి. కిడ్నీల పనితీరు తెలిపే క్రియాటినిన్ రక్తపరీక్ష రిపోర్టు ఉంటే వెంట తీసుకెళ్లండి. సీటీలో మందు ఎక్కగానే ఒళ్లంతా వెచ్చబడుతుంది, నోట్లో ఇనుము రుచి తగులుతుంది, మూత్రం పడిపోయిందేమో అనిపిస్తుంది. అది పడిపోవడం కాదు, ఆ మందు గుణమే అంత. కాసేపట్లో తగ్గిపోతుంది. దురద, ఆయాసం, గొంతు బిగుసుకున్నట్టు ఉంటే మాత్రం వెంటనే చెప్పాలి.

ఎమ్మారై అయితే

ఈ భాగం కాస్త నిదానంగా చదవండి, ఎందుకంటే పొరపాటు జరిగితే ప్రాణం మీదికొచ్చేది ఇక్కడే. ఎమ్మారైలో ఎక్స్‌రేలు ఉండవు, చాలా బలమైన అయస్కాంతం ఉంటుంది. స్కాన్ జరగనప్పుడు కూడా అది పనిచేస్తూనే ఉంటుంది. తెలియక లోపలికి తెచ్చిన ఆక్సిజన్ సిలిండర్‌ను కూడా విసురుగా లాగేస్తుంది. అందుకే తోడు వచ్చినవాళ్లు సైతం తాళంచెవులు, ఫోన్, పిన్నులు, నగలు బయటే పెట్టాలి.

లోపలికి పంపే ముందు ఒక ఫారం నింపమంటారు. దాన్ని గబగబా టిక్కులు పెట్టి ఇచ్చేయకండి. పేస్‌మేకర్, మెదడులో వేసిన క్లిప్పు, చెవిలో అమర్చిన పరికరం, ఎముకలో రాడ్డు, ఎప్పుడో ఇరవై ఏళ్ల కిందటి ఆపరేషనైనా సరే రాయండి. పరికరం అమర్చినప్పుడు ఇచ్చిన కార్డు వెంట ఉంటే, దానితో స్కాన్ చేయొచ్చో లేదో అక్కడివాళ్లు తేల్చుకోగలరు. వెల్డింగ్ పని చేసినవాళ్ల కంట్లో సన్నని ఇనుప రజను మిగిలి ఉండొచ్చు, అదీ చెప్పాలి. ఒంటికి అతికించుకున్న మందుపట్టీల్లో కొన్నిటికి లోహపు పొర ఉంటుంది. అది వేడెక్కి చర్మం కాలొచ్చు.

సొరంగంలాంటి ఆ గొట్టంలో 20 నిమిషాల నుంచి గంట దాకా కదలకుండా పడుకోవాలి. దబదబమని పెద్ద చప్పుడొస్తుంది, చెవుల్లో పెట్టుకోవడానికి ప్లగ్గులు ఇస్తారు. చేతికి ఒక రబ్బరు బుడ్డి ఇస్తారు, ఇబ్బందిగా ఉంటే నొక్కితే చాలు, వచ్చేస్తారు. ఇరుకు చోటంటే టెన్షన్ పడేవాళ్లు ఆ మాట ముందురోజే చెబితే మత్తుమందు గురించి ఆలోచిస్తారు. మత్తు ఇస్తే ఇంటికి తీసుకెళ్లడానికి తోడు మనిషి కావాలి.

ఎక్స్‌రే, సీటీల్లో రేడియేషన్ ఉంటుంది. గర్భం ఉందేమోనన్న అనుమానమున్నా లోపలికి వెళ్లకముందే చెప్పండి. మామోగ్రామ్‌కి (రొమ్ముకు తీసే ఎక్స్‌రే) వెళ్లేరోజు చంకల్లో పౌడర్, డియోడరెంట్ వద్దు, ఫిల్ములో చుక్కల్లా కనబడతాయి.

వెళ్లేరోజు

పాత స్కాన్ల ఫిల్ములు, రిపోర్టులు తప్పకుండా పట్టుకెళ్లండి. కొత్తగా కనబడిన మచ్చ నిజంగా కొత్తదా, ఏళ్ల తరబడి ఉన్నదా అనేది పాతవాటితో పోల్చితేనే తెలుస్తుంది. టెక్నీషియన్ ఫలితం చెప్పరు, వాళ్ల మొహం చూసి ఏదో ఊహించుకుని బెంగపడొద్దు. బొమ్మలన్నీ చూసి రిపోర్టు రాసేది రేడియాలజిస్టు. అది ఎప్పుడొస్తుందో, ఫిల్ములు, సీడీ ఎవరి దగ్గర తీసుకోవాలో అడిగి బయల్దేరండి.