డీసీ పవర్ సప్లై మొండికేస్తే: విశాఖలో ఎక్కువగా వచ్చే సమస్యలు - పరిష్కారాలు

డాబాగార్డెన్స్‌లో మొబైల్ రిపేర్ టేబుల్ మీద ఉన్నదైనా, ఆటోనగర్ షెడ్డులో బండి ఈసీఎం (ఇంజిన్‌ని నడిపే కంట్రోల్ బోర్డు) టెస్ట్ చేసేదైనా, కాలేజీ ల్యాబుల్లో ఆర్‌పీఎస్ (రెగ్యులేటెడ్ పవర్ సప్లై) అని పిలిచేదైనా డీసీ పవర్ సప్లై పని ఒకటే. మనం పెట్టిన వోల్టేజీ ఇవ్వాలి, మనం పెట్టిన లిమిట్ దాటి కరెంట్ పోనివ్వకూడదు. ఇది తేడాగా ఉంటే ఆ టేబుల్ మీద కొలిచిన ఏ రీడింగూ నమ్మడానికి ఉండదు, పైగా కస్టమర్ బోర్డు మన చేతుల్లోనే కాలిపోతుంది. పాడైపోయిందని పక్కన పడేసిన సప్లైల్లో చాలావాటికి మూత విప్పాల్సిన అవసరమే ఉండదు, తప్పు వైర్ల దగ్గరో, నాబ్ దగ్గరో, గోడకున్న ప్లగ్గులోనో ఉంటుంది. అందుకే ఇక్కడ బయటి నుంచి లోపలికి వెళ్తున్నాను, మీరూ అదే వరసలో చూడండి. చెప్పేదంతా మామూలుగా దొరికే 0-30 వోల్టులు, 5 ఆంపియర్ల లీనియర్ సప్లై (పెద్ద ట్రాన్స్‌ఫార్మర్ ఉండే బరువైన రకం) గురించి. ఎస్‌ఎమ్‌పీఎస్ (వేగంగా స్విచ్ అవుతూ పనిచేసే తేలికైన సప్లై) రకానికి తేడా ఉన్నచోట విడిగా చెప్తాను.

వోల్టేజీ నాబ్ ఎంత తిప్పినా పెరగట్లేదు

ముందు సీసీ (కాన్‌స్టంట్ కరెంట్) అని రాసి ఉన్న చిన్న లైటు చూడండి. అది వెలుగుతుంటే సప్లై బాగానే ఉంది, కరెంట్ లిమిట్ దగ్గర ఆగి ఉంది. కరెంట్ నాబ్ పూర్తిగా ఎడమకి తిప్పేసి ఉంటే ఏ లోడూ (తగిలించిన బోర్డో బల్బో) లేకపోయినా కొన్ని మోడళ్లలో వోల్టేజీ సున్నా దగ్గరే నిలబడుతుంది. నాబ్ కొంచెం కుడికి తిప్పితే సీవీ (కాన్‌స్టంట్ వోల్టేజీ) లైటు వెలిగి వోల్టేజీ పైకి వస్తుంది.

అలా కాకుండా లోడు తగిలించగానే సీసీ వెలిగి వోల్టేజీ పడిపోతుంటే రెండు కారణాలుంటాయి. లిమిట్ మరీ తక్కువ పెట్టి ఉండాలి, లేదా బోర్డులో షార్ట్ ఉండాలి. మొబైల్ బోర్డు విషయంలో ఇది బాగా తికమక పెడుతుంది, ఎందుకంటే ఫోన్ ఆన్ అయ్యేటప్పుడు ఒక్క క్షణం ఎక్కువ కరెంట్ లాగుతుంది, లిమిట్ అర ఆంపియరే ఉంటే సీసీ లైటు మినుకుమంటుంది, వోల్టేజీ కుంగుతుంది, ఫోన్ మళ్లీ మొదటికొస్తుంది, మనం తప్పు బోర్డుదే అనుకుని ఐసీలు పీకడం మొదలుపెడతాం. సరైన పద్ధతి ఏంటంటే, ముందు తక్కువ లిమిట్‌తో పెట్టి పవర్ బటన్ నొక్కకుండానే బోర్డు ఎంత లాగుతోందో చూడాలి. ఏమీ లాగట్లేదు, షార్ట్ లేదని తేలాక లిమిట్ 2-3 ఆంపియర్లకి పెంచి అప్పుడు ఆన్ చేయాలి.

లిమిట్ పెట్టడం కూడా చాలామంది అంచనాతో కానిచ్చేస్తారు. లోడు తీసేయండి, వోల్టేజీ 2-3 వోల్టులకి దించండి, ఎరుపు, నలుపు లీడ్లు రెండూ కలిపేయండి, ఇప్పుడు కరెంట్ నాబ్ తిప్పితే డిస్‌ప్లేలో కనిపించేదే మీ లిమిట్. ఈ పద్ధతి సీసీ ఉన్న సప్లైలకే. లిమిట్ లేని పాత వాటిలో లీడ్లు కలిపితే ఫ్యూజ్ పోతుంది.

డిస్‌ప్లేలో 12, బోర్డు దగ్గర 11.3

ఇది మన ఊళ్లో తప్పకుండా తగిలే సమస్య. డిస్‌ప్లే చూపించేది టెర్మినల్ దగ్గరి వోల్టేజీ. అక్కడి నుంచి బోర్డు దాకా ఉన్న వైరు, బనానా ప్లగ్గు, క్రొకడైల్ క్లిప్, ఇవన్నీ కొంచెం కొంచెం తినేస్తాయి. 5 ఆంపియర్లు పోతున్నప్పుడు దారిలో మొత్తం 0.14 ఓమ్ ఉన్నా చాలు, 0.7 వోల్టు మాయం.

ఎక్కడ పోతోందో మల్టీమీటర్‌తో పట్టుకోవచ్చు. లోడుకి కారు హెడ్‌లైట్ బల్బు వాడండి. 12 వోల్టులు, 60/55 వాట్లది దాదాపు 5 ఆంపియర్లు లాగుతుంది, ఇంతకన్నా చవకైన టెస్ట్ లోడు లేదు. ఫిలమెంట్ చల్లగా ఉన్నప్పుడు చాలా ఎక్కువ కరెంట్ కోరుతుంది కాబట్టి ముందు సీసీ వెలిగి తర్వాత సర్దుకుంటుంది, కంగారు పడొద్దు. అది బాగా వేడెక్కుతుంది, టేబుల్ మీది ప్లాస్టిక్‌కి ఆనించొద్దు. బల్బు వెలుగుతుండగా మీటర్ ఒక ప్రోబ్ ఎర్ర టెర్మినల్ లోహం మీద, రెండోది అదే ఎర్ర లీడు చివరి క్లిప్ మీద పెట్టండి. ఆ ఒక్క లీడులో ఎంత పోతోందో నేరుగా కనిపిస్తుంది. తర్వాత ముక్కలుగా చూడండి: టెర్మినల్ నుంచి ప్లగ్గు, ప్లగ్గు నుంచి వైరు, వైరు నుంచి క్లిప్.

ఇప్పుడు ఎర్ర టెర్మినల్ టోపీ పూర్తిగా విప్పి మరల్లోకి చూడండి. లాసన్స్‌బే కాలనీ, జాలారిపేట వైపు బీచ్‌కి దగ్గరున్న షాపైతే అక్కడ పచ్చటి చిలుము పొరలా కనిపించొచ్చు. ఉప్పు గాలి ఇత్తడినీ రాగినీ అలా తినేస్తుంది. పైన నికెల్ పూత మెరుస్తున్నా ప్లగ్గు కూర్చునే రంధ్రం లోపల నల్లబడి ఉంటుంది. సప్లై ప్లగ్గు గోడ నుంచి పీకేసి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో తడిపిన పాత టూత్‌బ్రష్‌తో తోమండి, చిలుము గట్టిగా ఉంటే సన్నటి పుల్లకి గుడ్డ చుట్టి తిప్పండి. గరుకు కాగితంతో గీకితే పూత పోయి రెండు నెలల్లో మళ్లీ మొదలవుతుంది. క్లిప్పుల్లో వైరుని ఊరికే చుట్టి నొక్కి ఉంటే విప్పి సోల్డర్ చేయండి. వైరు 2.5 ఎస్‌క్యూ ఎంఎం ఫ్లెక్సిబుల్, మీటరు పొడవు మించకుండా. దాంతో రెండు లీడ్లలో కలిపి 5 ఆంపియర్ల దగ్గర పోయేది 0.1 వోల్టు లోపే.

బాడీ ముట్టుకుంటే జిల్లుమంటోంది

దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు. షాపులో అందరికీ అలవాటైపోయి చెప్పులేసుకుని పని చేసుకుంటుంటారు, వానాకాలం నేల చెమ్మగా ఉన్నరోజు అదే ప్రాణం మీదికి తెస్తుంది.

ఎస్‌ఎమ్‌పీఎస్ రకమైతే కారణం ఇదీ. లోపల ఫేజ్ నుంచి, న్యూట్రల్ నుంచి బాడీకి చిన్న ఫిల్టర్ కెపాసిటర్లు ఉంటాయి. ఎర్త్ ఉంటే ఆ కాస్త లీకేజీ ఎర్త్‌లోకి పోతుంది. ఎర్త్ లేకపోతే బాడీ దాదాపు సగం వోల్టేజీ, అంటే 110-115 దగ్గర తేలుతుంటుంది. కరెంట్ చాలా తక్కువ కాబట్టి మనకి జిల్లుమంటుంది, కానీ ఆ దెబ్బకి బోర్డు మీద ఉన్న ఐసీ చచ్చిపోగలదు. సోల్డరింగ్ ఐరన్ కొన ఎర్త్ అయి ఉండి బోర్డు ఈ సప్లైకి తగిలి ఉంటే మరీ ప్రమాదం.

ముందు పవర్ కార్డు చూడండి. మూడో పిన్ విరిచేసి ఉందా, టూ పిన్ ఎడాప్టర్ పెట్టారా? కార్డు తీసి మల్టీమీటర్ కంటిన్యూటీలో పెట్టి ప్లగ్గు పెద్ద పిన్ నుంచి అవతలి చివర ఎర్త్ దాకా బీప్ వస్తుందేమో చూడండి. కార్డు బాగుంటే తప్పు సాకెట్టుది. అద్దె షాపుల్లో మూడో రంధ్రం వెనక వైరే ఉండని సాకెట్లు బోలెడు. సాకెట్టు కొలవడం అలవాటున్నవాళ్లే చేయాలి, లేకపోతే ఎలక్ట్రీషియన్‌ని పిలవండి: ఫేజ్-న్యూట్రల్ మధ్య 230 దరిదాపుల్లో, ఫేజ్-ఎర్త్ మధ్యా అంతే, న్యూట్రల్-ఎర్త్ మధ్య రెండు మూడు వోల్టులకి మించకూడదు. ఎర్త్ లేదని న్యూట్రల్‌నే ఎర్త్ పిన్‌కి కలిపేసేవాళ్లున్నారు. అలా ఎప్పుడూ చేయొద్దు, చేయనివ్వొద్దు. ఎక్కడైనా న్యూట్రల్ ఊడిందంటే షాపులోని ప్రతి లోహపు పెట్టె మీదా ఫేజ్ కూర్చుంటుంది.

జిల్లు కాకుండా గట్టిగా కొడితే, లేదా ప్లగ్గు పెట్టగానే 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ (లీకేజీ ఉంటే కరెంట్ ఆపేసే బ్రేకర్) పడిపోతుంటే అది మామూలు లీకేజీ కాదు. ట్రాన్స్‌ఫార్మర్ ఇన్సులేషనో, లోపల ఊడిన వైరో. ప్లగ్గు పీకండి, ఆర్‌సీసీబీని మాత్రం బైపాస్ చేయొద్దు.

ఆకుపచ్చ టెర్మినల్ వాడితే వోల్టేజీ రావట్లేదు

రాదు. అది ఎర్త్, నెగెటివ్ కాదు. అవుట్‌పుట్ ఎరుపు-నలుపు మధ్య ఉంటుంది, రెండూ ఎర్త్‌కి సంబంధం లేకుండా తేలుతుంటాయి. నలుపు-ఆకుపచ్చ మధ్య పట్టీ వేసి ఉంచి ఓసిల్లోస్కోప్ గ్రౌండ్ క్లిప్ పాజిటివ్ లైన్‌కి తగిలించారంటే ఎర్త్ ద్వారా నేరుగా షార్ట్. స్కోప్ తగిలించగానే సీసీ వెలిగితే ఆ పట్టీ తీసి చూడండి.

నాబ్ తిప్పుతుంటే వోల్టేజీ గెంతుతోంది

పొటెన్షియోమీటర్ (నాబ్ వెనక ఉండే రెసిస్టర్) లోపలి ట్రాక్ అరిగింది, లేదా తేమకి పాడైంది. కాంటాక్ట్ క్లీనర్ కొట్టి ఓ ఇరవైసార్లు అటూ ఇటూ తిప్పితే కొన్నాళ్లు నడుస్తుంది. అంతే, కొన్నాళ్లే. కొన్ని డిజైన్లలో వైపర్ (ట్రాక్ మీద జరిగే మొన) ఊడితే అవుట్‌పుట్ ఒక్కసారి ఫుల్ వోల్టేజీకి పోతుంది కాబట్టి మళ్లీ గెంతడం కనిపిస్తే అదే ఓమ్స్ విలువది కొత్తది వేసేయండి. అప్పటిదాకా బోర్డు తగిలించాక నాబ్ తిప్పొద్దు.

ఫ్యూజ్ పోయింది, వేస్తే మళ్లీ పోయింది

ఒక్కసారి పోతే వేయండి, అదే రేటింగ్, అదే రకం. ట్రాన్స్‌ఫార్మర్ ఉన్నదాంట్లో స్విచ్ వేసిన క్షణంలో కరెంట్ ఎక్కువ లాగుతుంది, అందుకే సాధారణంగా స్లో-బ్లో, టీ అని ముద్ర ఉన్నది ఉంటుంది. దాని చోట ఎఫ్ అని ఉన్నది వేస్తే ఊరికే పోతుంటుంది. రెండోసారీ పోతే మూడోది వేయొద్దు, రాగి తీగ చుట్టడం అసలే వద్దు. లోపల బ్రిడ్జ్ రెక్టిఫైయరో (ఏసీని డీసీ చేసే డయోడ్లు), ఫిల్టర్ కెపాసిటరో షార్ట్ అయింది.

మూత విప్పే ముందు

స్విచ్ ఆఫ్ చేస్తే చాలదు, ప్లగ్గు పీకాలి. వైరింగ్ తిరగబడి స్విచ్ న్యూట్రల్‌లో ఉంటే ఆఫ్ చేసినా లోపల ఫేజ్ ఉంటుంది. లీనియర్ సప్లైలో పెద్ద ఫిల్టర్ కెపాసిటర్‌ని 1 కిలో ఓమ్, 5 వాట్ల రెసిస్టర్‌తో నిమిషం పాటు డిశ్చార్జ్ చేసి, మీటర్‌తో సున్నా చూశాకే చెయ్యి పెట్టండి. స్క్రూడ్రైవర్‌తో షార్ట్ చేయడం చూడ్డానికి బాగుంటుంది, కెపాసిటర్‌కి మంచిది కాదు, కళ్లకీ కాదు. ఎస్‌ఎమ్‌పీఎస్ అయితే లోపల 325 వోల్టుల డీసీ నిలబడి ఉంటుంది, అనుభవం లేకపోతే మూత విప్పకండి, తెలిసినవాళ్లకి ఇవ్వండి.

5 వోల్టులు పెడితే 38 చూపిస్తోంది, నాబ్ పని చేయట్లేదు

అన్నింటికన్నా ప్రమాదకరమైనది ఇదే. ముందు లోడు పీకండి, తర్వాతే మిగతావి. సిరీస్ పాస్ ట్రాన్సిస్టర్ (అవుట్‌పుట్‌కి పోయే కరెంట్‌ని అదుపు చేసేది), పాత వాటిలో ఎక్కువగా టూ ఎన్ 3055, కలెక్టర్-ఎమిటర్ షార్ట్ అయితే రెగ్యులేషన్ అనేదే ఉండదు, ఫిల్టర్ దగ్గరున్న వోల్టేజీ అంతా బయటికి వచ్చేస్తుంది. హీట్‌సింక్ మీద రెండు మూడు పక్కపక్కనే కలిసి పనిచేస్తుంటాయి, ఒకటి షార్ట్ అయితే మీటర్‌కి అన్నీ షార్ట్‌గానే కనిపిస్తాయి, కాబట్టి విప్పి విడివిడిగా కొలవాలి. మార్చేటప్పుడు అన్నీ ఒకేసారి, ఒకే బ్యాచ్‌వి వేయండి, ఎమిటర్ రెసిస్టర్లు ఓపెన్ అయ్యాయేమో కూడా చూడండి. మైకా వాషర్, హీట్‌సింక్ పేస్ట్ మర్చిపోవద్దు, బిగించాక ట్రాన్సిస్టర్ బాడీకీ హీట్‌సింక్‌కీ మధ్య బీప్ రాకూడదు. మొదటిసారి పవర్ ఇచ్చేటప్పుడు 100 వాట్ల ఫిలమెంట్ బల్బు ద్వారానే కరెంట్ వచ్చేలా ఉన్న సిరీస్ బోర్డు మీద పెట్టండి. బల్బు ఒకసారి వెలిగి మసకబారితే సరే, నిండుగా వెలుగుతూనే ఉంటే ఇంకా షార్ట్ ఉంది.

లోడు పెడితే గుయ్‌మంటోంది, వోల్టేజీ కుంగుతోంది

ఫిల్టర్ కెపాసిటర్ ఎండిపోయింది. ఏసీ మిల్లీవోల్ట్ రేంజ్ ఉన్న మీటర్‌ని అవుట్‌పుట్‌కి పెట్టి అదే బల్బు లోడుతో చూడండి. మంచి లీనియర్ సప్లైలో కొద్ది మిల్లీవోల్టులే ఉంటుంది, వందల్లోకి పోతే కెపాసిటర్ మార్చాలి. అదే మైక్రోఫారడ్లు, అంతే లేదా ఎక్కువ వోల్టేజీ, 105 డిగ్రీలది. స్కోప్ ఉంటే ఇంకో సంగతి తెలుస్తుంది: అలలు 100 హెర్ట్జ్ ఉంటే కెపాసిటర్, 50 ఉంటే బ్రిడ్జ్‌లో ఒక డయోడ్ ఓపెన్.

అరగంటకే బాగా వేడెక్కుతోంది, ఆగిపోతోంది

లీనియర్ సప్లైలో తక్కువ వోల్టేజీ, ఎక్కువ కరెంట్ అడిగితేనే వేడి ఎక్కువ. లోపల 40 వోల్టులు ఉండి మీరు 4 వోల్టుల దగ్గర 3 ఆంపియర్లు తీస్తే మిగిలిన 36 ఇంటూ 3, 108 వాట్లు హీట్‌సింక్ మీదే పడతాయి. నాబ్ తిప్పేటప్పుడు టక్‌మని రిలే శబ్దం వచ్చే మోడళ్లలో ట్రాన్స్‌ఫార్మర్ ట్యాప్ మారి ఈ వేడి తగ్గుతుంది, ఆ టక్ వినిపించడం మానేస్తే రిలే చూడండి. ఫ్యాన్ తిరుగుతోందా, రెక్కల మీద దుమ్ము, ఉప్పు కలిసి మట్టిలా పేరుకుందా చూసి బ్రష్‌తో తీయండి. గోడకి జానెడు దూరం వదలండి.

బ్యాటరీ ఛార్జ్ చేస్తుంటే సప్లై పోయింది

కరెంటు పోయినా, సప్లై ఆఫ్ చేసినా బ్యాటరీ వెనక్కి సప్లైలోకి డిశ్చార్జ్ అవుతుంది. ప్లస్ మైనస్ తారుమారైతే ఇంకా ఘోరం. పాజిటివ్‌లో కరెంట్‌కి సరిపడా రేటింగ్ ఉన్న షాట్కీ డయోడ్ (కరెంట్‌ని ఒకవైపే పోనిచ్చేది) సిరీస్‌లో వేయండి, అది తినే వోల్టేజీని లెక్కలో కలుపుకుని బ్యాటరీ మొన దగ్గర కొలిచి పెట్టండి. మామూలు లిథియం సెల్ అయితే 4.2 దాటకూడదు, ఛార్జ్ అవుతుండగా వదిలి టీకి పోకూడదు.

తుఫాను హెచ్చరిక వస్తే

2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ కొట్టినప్పుడు ఊరంతా కరెంటు లేకుండా రోజులు గడిచాయి. సప్లై తిరిగి ఇచ్చే టైంలో ఎక్కడైనా న్యూట్రల్ తెగి ఉంటే సింగిల్ ఫేజ్ సాకెట్టులో 230 బదులు 400 దగ్గరికి రావచ్చు, కాబట్టి హెచ్చరిక వినగానే ప్లగ్గు పీకి, నేల మీంచి ఎత్తులో పెట్టండి. కరెంటు వచ్చాక ముందు ఫ్యాన్లూ లైట్లూ మామూలుగా ఉన్నాయో లేదో చూసి, సాకెట్టులో వోల్టేజీ కొలిపించి అప్పుడు పెట్టండి. నీళ్లలో నానిందైతే ఎండబెట్టి ఆన్ చేసేయొద్దు, మంచి నీళ్లు కాదు, ఉప్పు లోపలే ఉంటుంది. విప్పి, ఆల్కహాల్‌తో కడిగి, పూర్తిగా ఆరాక, ఇన్సులేషన్ టెస్టర్ ఉన్నవాళ్ల దగ్గర ట్రాన్స్‌ఫార్మర్ చూపించి, సిరీస్ బోర్డు మీదే మొదలుపెట్టాలి.