మైలేజీ తగ్గిందా? మెకానిక్ దగ్గరకు వెళ్లే ముందు చూసుకోవలసినవి

లీటరుకు ఇరవై ఇస్తుందని నమ్మి కొన్న కారు పన్నెండు కూడా ఇవ్వడం లేదన్న మాట తరచూ వింటుంటాం. కంపెనీ చెప్పే అంకె ప్రయోగశాలలో కారు చక్రాలను రోలర్ల మీద తిప్పి, ఏసీ ఆపేసి, గంటకు 90 కిలోమీటర్లు మించకుండా నడిపి తేల్చినది. రోడ్డు మీద అంత రాకపోతే కారులో లోపం ఉన్నట్లు కాదు. కానీ అదే కారు, అదే దారిలో మరొకరికి ఇస్తున్నంత మీకు ఇవ్వడం లేదంటే మీరు నడిపే తీరును అనుమానించాల్సిందే.

ముందు సరిగ్గా కొలవండి. పంపు దానంతట అదే ఆగేదాకా ట్యాంకు నింపించి, ట్రిప్ మీటరు సున్నా చేయండి. తర్వాత అదే బంకులో మళ్లీ అలాగే నింపించండి. తిరిగిన కిలోమీటర్లను రెండోసారి పట్టిన లీటర్లతో భాగిస్తే వచ్చేదే అసలు మైలేజీ.

సమస్య: హైవే మీద బాగానే ఉంది, నగరంలో మాత్రం ఘోరంగా పడిపోతోంది

ఎక్కువ మంది పెట్రోలు పోగొట్టుకునేది ఇక్కడే. రెండు వందల మీటర్ల ముందు ఎర్ర లైటు కనిపిస్తూనే ఉంటుంది. అయినా యాక్సిలరేటర్ మీద కాలు తీయరు. దగ్గరకు వచ్చాక గట్టిగా బ్రేకు తొక్కుతారు. 60లో వెళ్తున్న కారులో ఉండే శక్తి, 30లో వెళ్తున్నప్పటికి నాలుగు రెట్లు. పెట్రోలు కాల్చి సంపాదించిన ఆ శక్తినంతా బ్రేకు వేడిగా మార్చి గాలిలో కలిపేస్తుంది.

పరిష్కారం: ఎర్ర లైటు కంటబడగానే కాలు తీసేయండి. గేరు మాత్రం తీయకండి. ఇంజిన్‌లోకి ఇంధనాన్ని కొలిచి చిమ్మే ఇంజెక్టర్లున్న ఇప్పటి కార్లలో, గేరులో ఉండగా యాక్సిలరేటర్ వదిలేస్తే ఇంజిన్ వేగం బాగా తగ్గేవరకు ఇంధనం సరఫరా పూర్తిగా ఆగిపోతుంది. వేగం తగ్గేకొద్దీ గేరు తగ్గించుకుంటూ వెళ్లండి. రెండో గేరులో ఉండగానే పచ్చ లైటు పడితే, సున్నా నుంచి మళ్లీ లాగే ఖర్చు మిగిలినట్లే. స్పీడ్ బ్రేకర్ల దగ్గరా ఇదే పద్ధతి. ముందు వాహనానికి ఎడం ఉంచితే మధ్యలోకి ఆటో దూరుతుందని చాలామంది ఇష్టపడరు. దూరనివ్వండి. ఆ ఎడమే లేకపోతే ముందువారు బ్రేకు తొక్కినప్పుడల్లా మీరూ తొక్కక తప్పదు.

సమస్య: ఘాట్ దిగేటప్పుడు న్యూట్రల్‌లో వదిలేసినా లాభం కనిపించడం లేదు

ఇది ఇంజెక్టర్లు రాకముందు, పెట్రోలును గాలితో కలిపి ఇంజిన్‌కు పంపే కార్బ్యురేటర్ కాలం నాటి అలవాటు. న్యూట్రల్‌లో ఇంజిన్ ఆగకుండా తిరగాలంటే పెట్రోలు కాలాల్సిందే. గేరులో ఉంటే చక్రాలే ఇంజిన్‌ను తిప్పుతాయి. తిరుమల ఘాట్ రోడ్డు అయినా, శ్రీశైలం ఘాట్ అయినా రెండో గేరులోనో, మూడో గేరులోనో దిగండి. బ్రేకులూ వేడెక్కవు. ఇంజిన్ ఆపి దిగడం మాత్రం ఎప్పుడూ చేయకండి. రెండు మూడుసార్లు తొక్కేసరికి బ్రేకు పెడల్ రాయిలా బిగుసుకుపోతుంది, పవర్ స్టీరింగ్ పనిచేయదు. పెట్రోలు కోసం ప్రాణాల మీదకు తెచ్చుకోకూడదు.

సమస్య: దూర ప్రయాణంలోనూ అనుకున్నంత రావడం లేదు

కారణం గాలి. వేగం 80 నుంచి 100కు పెరిగితే గాలి నిరోధం ఒకటిన్నర రెట్లు దాటుతుంది. హైదరాబాద్ నుంచి విజయవాడకు దాదాపు 270 కిలోమీటర్లు. దారంతా నిలకడగా 100కు బదులు 90లో వెళ్లారనుకున్నా పద్దెనిమిది నిమిషాలే ఆలస్యం, గాలి నిరోధం మాత్రం దాదాపు అయిదో వంతు తగ్గుతుంది. ఆ వేగంలో అద్దాలు దించే బదులు ఏసీ వేసుకోవడమే మేలు. కారు పైన ఖాళీ క్యారియర్ ఉంటే విప్పేయండి.

సమస్య: ఇంజిన్ అరుస్తోంది, లేదా వణుకుతోంది

అరుస్తుంటే గేరు మార్చడం ఆలస్యమైంది, వణుకుతుంటే తొందరపడ్డారు. సాధారణ ప్రయాణంలో పెట్రోలు కారుకు 2000 నుంచి 2500 ఆర్‌పీఎం (నిమిషానికి ఇంజిన్ తిరిగే చుట్లు) మధ్య పై గేరు వేస్తే సరిపోతుంది. ఫ్లైఓవర్ ఎక్కుడులో ట్రాఫిక్ ఆగినప్పుడు హాఫ్ క్లచ్‌తో, అంటే క్లచ్ సగం వదిలి యాక్సిలరేటర్ తొక్కుతూ, కారును నిలబెట్టకండి. హ్యాండ్ బ్రేకు ఉన్నది అందుకే.

సమస్య: రోజూ తిరిగేది నాలుగైదు కిలోమీటర్లే, ట్యాంకు మాత్రం ఇట్టే ఖాళీ

చల్లటి ఇంజిన్ ఎక్కువ పెట్రోలు తాగుతుంది. నిలబెట్టి వేడి చేయనక్కర్లేదు. స్టార్ట్ చేసిన అర నిమిషానికి బయలుదేరి, మొదటి రెండు కిలోమీటర్లు నెమ్మదిగా నడపండి. మార్కెట్, బ్యాంకు, మందుల షాపు పనులు ఒకే తిరుగుడులో ముగించుకోండి. బడి గేటు దగ్గర ఏసీ వేసుకుని ఎదురుచూసే సమయంలో మైలేజీ అక్షరాలా సున్నా.

ఇవన్నీ పాటించినా మార్పు లేకపోతే, ఉదయం బండి తీయకముందే టైర్లలో గాలి చూసుకోండి. ఎంత ఉండాలో చాలా కార్లలో డ్రైవర్ తలుపు తెరిస్తే కనిపించే స్టిక్కర్ మీద రాసి ఉంటుంది. ప్రయాణం ముగిశాక చక్రాల దగ్గర చేయి తగలకుండా పెట్టి చూడండి. ఒక్క చక్రం దగ్గరే సెగ ఎక్కువగా ఉంటే అక్కడ బ్రేకు పట్టేస్తూ ఉండవచ్చు. అప్పుడు మాత్రం మెకానిక్ దగ్గరకు వెళ్లాల్సిందే.