ఒక మందుకు ఒక పుట: ఔషధ రసాయన శాస్త్రంలో నోట్సు, అభ్యాస లెక్కలు

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో బీ ఫార్మసీ చదువుతున్నవారిలో చాలామంది చూపు పైడిభీమవరం మందుల కంపెనీల మీద ఉంటుంది. అక్కడ క్యూసీ (నాణ్యతా నియంత్రణ) విభాగంలో నమూనా తూచి, పరీక్షించి, ఫలితాన్ని శాతంలో చెప్పడమే నిత్యం జరిగే పని. కాబట్టి పుస్తకంలోని పేరాలను అందమైన దస్తూరీతో తిరిగి రాసుకున్న నోట్సు అక్కరకు రాదు. మందు నిర్మాణం నుంచి దాని గుణం, ఆ గుణం నుంచి ఒక లెక్క పుట్టేలా నోట్సు ఉండాలి.

ఒక్కో మందుకు ఒక్కో పుట కేటాయించండి. ఆస్పిరిన్‌తో మొదలుపెట్టడం మంచిది. పుస్తకం మూసి, పుట నడుమ నిర్మాణం గీసి, ప్రతి ప్రమేయ సమూహం పక్కన అది చేసే పనిని ఒక్క వాక్యంలో రాయండి. కార్బాక్సిలిక్ సమూహం వల్ల ఇది ఆమ్లం, పీకేఏ (సగం అణువులు అయాన్లుగా మారే పీహెచ్) సుమారు 3.5. ఎస్టర్ సమూహం వల్ల తేమ తగిలితే జలవిశ్లేషణ చెంది సాలిసిలిక్ ఆమ్లం, ఎసిటిక్ ఆమ్లంగా విడిపోతుంది. నొప్పి, వాపు కలిగించే ప్రోస్టాగ్లాండిన్ల తయారీకి తోడ్పడే సైక్లోఆక్సిజనేజ్ ఎంజైమును శాశ్వతంగా స్తంభింపజేసే ఎసిటైల్ భాగం కూడా ఈ ఎస్టర్‌లోదే. ఈ మూడు వాక్యాలు ఉంటే చాలు, మిగతాదంతా లెక్కల్లో బయటపడుతుంది.

మొదటి లెక్క: పీహెచ్ 1.5 ఉన్న జీర్ణాశయంలోనూ, 6.5 ఉన్న పేగులోనూ ఆస్పిరిన్ ఎంత భాగం అయనీకరణం చెందుతుంది? ఆమ్లానికి పీహెచ్ నుంచి పీకేఏ తీసివేస్తే వచ్చేది అయాన్లకూ, అయనీకరణం చెందని అణువులకూ ఉన్న నిష్పత్తి తాలూకు సంవర్గమానం. జీర్ణాశయంలో అది −2, అంటే నూరు మామూలు అణువులకు ఒక అయాను. పేగులో +3, అంటే ఒక అణువుకు వెయ్యి అయాన్లు. ఇంతటితో ఆపి, ఆస్పిరిన్ శోషణ ప్రధానంగా జీర్ణాశయంలోనే జరుగుతుందని రాసేస్తే తప్పవుతుంది. పేగు లోపలి ఉపరితలం ఎంతో విశాలమైనది కనుక శోషణలో అధిక భాగం అక్కడే జరుగుతుంది. ఈ మాట లెక్క కిందనే రాసుకోండి.

రెండో లెక్క పరిమాణాత్మక పరీక్షకు సంబంధించినది, దీని మీద ఎక్కువ సమయం వెచ్చించాలి. 1.5 గ్రాముల ఆస్పిరిన్‌ను 50 మి.లీ. 0.5 మోలార్ సోడియం హైడ్రాక్సైడ్‌తో మరిగించి, మిగిలిన క్షారాన్ని 0.5 మోలార్ హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో బ్యాక్ టైట్రేషన్ చేశారనుకుందాం, అంటే ఖర్చు కాకుండా మిగిలినదాన్ని కొలిచారన్నమాట. బ్లాంక్ (ఆస్పిరిన్ లేకుండా చేసిన) రీడింగు 49.8 మి.లీ., నమూనా రీడింగు 16.7 మి.లీ. తేడా 33.1 మి.లీ. ఒక ఆస్పిరిన్ అణువు రెండు సోడియం హైడ్రాక్సైడ్ అణువులను ఖర్చు చేస్తుంది కనుక, అణుభారం 180.16 ప్రకారం ఒక మి.లీ. క్షారం 45.04 మి.గ్రా. ఆస్పిరిన్‌కు సమానం. గుణిస్తే 1490.8 మి.గ్రా., అంటే 99.4 శాతం. ఆ 45.04 అనే అంకెను బట్టీపట్టకుండా ప్రతిసారీ సాధించి రాయండి. రెండు అణువులన్న సంగతి మరిచిపోయినవారికి జవాబు దాదాపు 199 శాతం వస్తుంది, తప్పు అక్కడికక్కడే తెలిసిపోతుంది.

ఇప్పుడు అసలు ప్రశ్న. మన తీరప్రాంతపు తేమలో మూత సరిగా బిగించని సీసాలోని ఆస్పిరిన్ కొంత విడిపోయి, మూత తీయగానే వెనిగర్ వాసన వేస్తోంది. ఇదే టైట్రేషన్ ఆ లోపాన్ని పట్టిస్తుందా? పట్టించదు. విడిపోయిన ప్రతి అణువు నుంచి వచ్చిన సాలిసిలిక్ ఆమ్లం ఒకటి, ఎసిటిక్ ఆమ్లం ఒకటి, మొత్తం రెండు క్షారపు అణువులనే ఖర్చు చేస్తాయి. కాబట్టి ఎసిటిక్ ఆమ్లం ఆవిరైపోనంతవరకు లెక్క దాదాపు మారదు. స్వేచ్ఛా సాలిసిలిక్ ఆమ్లానికి ఫార్మకోపియా (మందుల ప్రమాణాల అధికారిక గ్రంథం) విడిగా పరిమితి పరీక్ష పెట్టడానికి కారణం ఇదే. ఫెర్రిక్ క్లోరైడ్ కలిపితే ఊదారంగు వచ్చేది కూడా ఆ ఆమ్లంలోని ఫినాల్ సమూహం వల్లనే. ఇలాంటి ‘ఎందుకు పట్టించదు’ ప్రశ్న ప్రతి పుటలోనూ ఒకటి ఉండాలి.

మూడో లెక్క మూత్రపిండాలది. ఉద్దానం ప్రాంతాన్ని కిడ్నీ వ్యాధి ఎంతగా పీడిస్తున్నదో తెలిసిన మనకు ఇది కేవలం పరీక్ష ప్రశ్న కాదు. ఆస్పిరిన్ జాతి నొప్పి మందులు ప్రోస్టాగ్లాండిన్లను తగ్గించి మూత్రపిండానికి రక్తప్రసరణను కుదించగలవని ముందు రాసుకోండి. ఆ తర్వాత 50 ఏళ్ల వయసు, 54 కిలోల బరువు, రక్తంలో డెసిలీటరుకు 1.5 మి.గ్రా. క్రియాటినిన్ (మూత్రపిండాలు వడకట్టే వ్యర్థం) ఉన్న పురుషుడిని తీసుకోండి. మూత్రపిండాలు రక్తాన్ని శుద్ధిచేసే వేగాన్ని అంచనా వేసే కాక్‌క్రాఫ్ట్–గాల్ట్ సూత్రం ప్రకారం 140లోంచి వయసు తీసివేసి, బరువుతో గుణించి, 72ను క్రియాటినిన్‌తో గుణించగా వచ్చినదానితో భాగించాలి: 4860ని 108తో భాగిస్తే నిమిషానికి 45 మి.లీ. స్త్రీలకైతే దీన్ని 0.85తో గుణించాలి. పూర్తిగా మూత్రపిండాల ద్వారానే పోయే మందు క్లియరెన్సు (నిమిషంలో మందు తొలగిపోయే రక్తపు పరిమాణం) నిమిషానికి 90 నుంచి 45 మి.లీ.కు పడిపోతే, వ్యాప్తి పరిమాణం (మందు ఒంట్లో పరుచుకున్నట్లు లెక్కకు వచ్చే ఘనపరిమాణం) 20 లీటర్లే ఉన్నప్పుడు, 0.693ను వ్యాప్తి పరిమాణంతో గుణించి క్లియరెన్సుతో భాగిస్తే వచ్చే అర్ధాయువు సుమారు 2.6 గంటల నుంచి 5.1 గంటలకు పెరుగుతుంది. మి.లీ.లను లీటర్లుగా, నిమిషాలను గంటలుగా మార్చే మెట్టును విడిగా రాయండి, ఎక్కువమంది జారేది అక్కడే.

చివరగా సొంతంగా చేయడానికి ఒకటి. లీటరు ఓఆర్ఎస్ (విరేచనాలప్పుడు తాగించే లవణ ద్రావణం)లో 2.6 గ్రాముల సోడియం క్లోరైడ్, 1.5 గ్రాముల పొటాషియం క్లోరైడ్, 2.9 గ్రాముల ట్రైసోడియం సిట్రేట్ డైహైడ్రేట్, 13.5 గ్రాముల నిర్జల గ్లూకోజు ఉంటాయి. సోడియం గాఢత, మొత్తం ఆస్మోలారిటీ (లీటరులో కరిగిన కణాలన్నిటి గాఢత) కనుక్కోండి. జవాబులు లీటరుకు సుమారు 75 మిల్లీమోల్, 245 మిల్లీఆస్మోల్. సోడియం 45 దగ్గరే ఆగిపోతే, సిట్రేట్‌లోని మూడు సోడియం అయాన్లను వదిలేశారన్నమాట.