హైదరాబాద్‌లో కూర్చుని ఒక స్విస్ పల్లెను చదవడం ఎలా?

స్విట్జర్లాండ్ చూసి వచ్చిన మన నగరవాసులు మంచుకొండల గురించీ రైళ్ల గురించీ ఎంతో చెబుతారు. ఆ కొండవాలుల మీద వందల ఏళ్లుగా కాపురముంటున్నవారు ఏం తిని బతికారన్న ప్రశ్న మాత్రం అరుదుగా వినిపిస్తుంది. దానికి జవాబు వెతకాలంటే దేశమంతా తిరగనక్కరలేదు. ఒక్క చిన్న పల్లెను ఎంచుకొని ముందు నేలను, తర్వాత బతుకుదెరువును, చివరగా చరిత్రను చదివితే చాలు. ఈ వరుస ముఖ్యమని నా అభిప్రాయం. చరిత్రతో మొదలుపెట్టినవారికి తేదీలు మిగులుతాయి. నేలతో మొదలుపెట్టినవారికి ఆ తేదీల వెనక ఉన్న కారణాలు కూడా దొరుకుతాయి.

పల్లెను ఎంచుకోవడంలోనే సగం పని ఉంది. స్విట్జర్లాండ్‌లో 26 క్యాంటన్లు (మన రాష్ట్రాల వంటివి), 2 వేలకు పైగా స్థానిక పాలనా గ్రామాలు, పట్టణాలు ఉన్నాయి. వాటిలో చాలావాటి గురించి విస్తీర్ణం, జనాభా, చిహ్నం తప్ప మరేమీ సులభంగా దొరకదు. కాబట్టి ఎవరైనా ఏళ్ల తరబడి పరిశోధించిన పల్లెను తీసుకోవడం మేలు. ఇక్కడ ఉదాహరణగా తీసుకున్నది వాలిస్ క్యాంటన్‌లో, విస్ప్ పట్టణానికి ఎగువన ఉన్న టోర్బెల్. జనాభా సుమారు 500. రాబర్ట్ నెట్టింగ్ అనే అమెరికన్ మానవశాస్త్రవేత్త 1970లలో ఈ ఊరి దస్తావేజులను, కుటుంబాల వంశవృక్షాలను శ్రద్ధగా పరిశీలించాడు. ఉమ్మడి వనరులను జనం ఎలా కాపాడుకుంటారో వివరించి 2009లో ఆర్థికశాస్త్ర నోబెల్ అందుకున్న తొలి మహిళ ఎలినోర్ ఆస్ట్రమ్ కూడా తన ప్రధాన ఉదాహరణల్లో ఒకటిగా ఈ పల్లెనే తీసుకుంది. వెతికేటప్పుడు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. ఇదే క్యాంటన్‌ను జర్మన్‌లో వాలిస్ అనీ, ఫ్రెంచ్‌లో వలే అనీ అంటారు కనుక రెండు పేర్లతోనూ వెతకాలి.

మొదటి పని పటం తెరవడం. స్విస్ సమాఖ్య పటాల సంస్థ తన వివరమైన పటాలను ఇంటర్నెట్‌లో ఉచితంగా ఉంచింది. వాటిలో ఊరి పేరు కన్నా ముందు ఎత్తును చూపే గీతలను చదవండి. లోయ అడుగున విస్ప్ దాదాపు 650 మీటర్ల ఎత్తున, టోర్బెల్ దాదాపు 1,500 మీటర్ల దగ్గర, పైనున్న మూసాల్ప్ అనే మేతబీడు 2,000 మీటర్లు దాటి ఉంటాయి. హైదరాబాద్ ఎత్తు 540 మీటర్ల ప్రాంతం కాబట్టి మన నేల దాదాపు ఆ లోయ అడుగుతో సమానమనుకొని, అక్కడి నుంచి మనసులో పైకి ఎక్కుతూ పోవచ్చు. కింద ద్రాక్షతోటలు, ఊరి చుట్టూ గడ్డిమడులు, రై ధాన్యపు చెలకలు, వాటిపైన అడవి, అన్నిటికన్నా పైన వేసవి మేతబీడు. ఒకే కుటుంబానికి ఈ ఎత్తులన్నిటిలోనూ పని ఉండేది. ఇక్కడ ఒక మాట దగ్గర తప్పుదారి పట్టే ప్రమాదముంది. ఆ ఊళ్లలో 'ఆల్ప్' అంటే కొండ శిఖరం కాదు, వేసవిలో పశువులను తోలుకుపోయే ఎత్తయిన మేతబీడు.

తర్వాత వాన. ఇరువైపులా ఉన్న ఎత్తయిన కొండలు మేఘాలను అడ్డుకోవడం వల్ల విస్ప్ లోయ స్విట్జర్లాండ్ మొత్తంలోనే వాన తక్కువ పడే చోట్లలో ఒకటి. హైదరాబాద్‌లో పడే వాన కన్నా కూడా అక్కడ పడేది తక్కువ. మనం పాటల చిత్రీకరణల్లో చూసే ఆ పచ్చిక ఇలాంటి చోట దానంతట అదే పెరగదు. మంచు కరిగిన నీటిని కొండ అంచుల వెంట సన్నని కాలువల్లో తెచ్చి, వంతుల ప్రకారం మడులకు పారించారు. తెలంగాణలో చెరువు తూము దగ్గర నీరటికాడు వంతులు చూడడం ఎరిగినవారికి ఈ ఏర్పాటు వెంటనే అర్థమవుతుంది.

ఇక బతుకుదెరువు. నోటుపుస్తకంలో ఎక్కువ పేజీలు దీనికే కేటాయించండి. వేసవిలో మేతబీడు మీద గడ్డి పుష్కలంగా ఉంటుంది. ఇబ్బందంతా నెలల తరబడి మంచు కప్పే శీతాకాలంలోనే. అప్పుడు ఆవు కొట్టంలో ఉండి, ఆ ఇంటివారు సొంత మడుల్లో కోసి ఎండబెట్టిన గడ్డి మీదే బతకాలి. అందుకే 1517 నాటి ఊరి కట్టుబాటు ఏమంటుందంటే, ఎవరైనా సరే శీతాకాలమంతా సొంత మేతతో పోషించగలిగినన్ని ఆవులనే వేసవిలో ఉమ్మడి బీడుకు పంపాలి. ఉమ్మడి బీడు పాడుకాకుండా చూసే కొలబద్దను ప్రతి ఇంటి గడ్డివాములోనే ఉంచిన తెలివి ఇది. ఇంతటి సూక్ష్మమైన లెక్క ఒక పల్లె సభ చేసిందంటే నాకు ఇప్పటికీ గౌరవం కలుగుతుంది. కోటా మించి ఆవులను పంపినవారికి జరిమానా పడేది. వసూలు చేసిన అధికారికి అందులో సగం దక్కేది కనుక కాపలా సడలేది కాదు.

ఏది సొంతం, ఏది ఉమ్మడి అన్నది విడివిడిగా రాసుకోండి. చెలకలు, తోటలు, గడ్డిమడులు కుటుంబాలవి. మేతబీడు, అడవి, బంజరు, నీటికాలువలు, బాటలు అందరివీ. ఆవుల లెక్కను బట్టి చీజ్‌ను పంచుకునేవారు. నరకదగిన చెట్లకు గుర్తులు పెట్టి, వాటాలు వేసి, చీట్లు తీసేవారు. ధాన్యం కొట్లను చెక్క కాళ్ల మీద నిలిపి, ఎలుకలు ఎక్కకుండా మధ్యలో గుండ్రటి రాతి బిళ్లలు అమర్చేవారు. ఫొటోల్లో ఆ బిళ్లలు కనిపిస్తే అలంకారమని అనుకోవద్దు.

నేల, తిండి తెలిశాక చరిత్ర పత్రాలు మాట్లాడతాయి. టోర్బెల్‌లో భూముల క్రయవిక్రయాలను తెలిపే పత్రాలు 1224 నుంచి ఉన్నాయి. 1483 ఫిబ్రవరి 1న ఊరివారు సంతకాలు చేసిన ఒప్పందం ప్రకారం, బయటివాడు ఊళ్లో భూమి కొన్నా మేతబీడు మీద గానీ అడవి మీద గానీ హక్కు రాదు. పాత పత్రాలను చదివే పద్ధతి ఒకటి ఇక్కడ నేర్చుకోవచ్చు. ఏదైనా పనిని నిషేధించారంటే అప్పటికే ఎవరో ఆ పని చేస్తూనో, చేయబోతూనో ఉన్నారని అనుమానించాలి. అలాగే పరిమితమైన నేల మీద జనాభా ఎలా ఇమిడిందని కూడా అడగాలి. ఆలస్యపు పెళ్లిళ్లు, పెళ్లి లేకుండా ఉండిపోయినవారు, వలసలు ఇందుకు తోడ్పడ్డాయి. ఆలుగడ్డ సాగు వచ్చాక అదే నేల ఎక్కువమందిని పోషించగలిగింది. రాజకీయ చరిత్రకు ఒక వాక్యం చాలు: వాలిస్ 1815లో స్విస్ సమాఖ్యలో చేరింది.

ఆధునిక కాలానికి వచ్చేసరికి కొత్త పొరపాట్లకు అవకాశముంటుంది. విస్ప్ నుంచి జెర్మాట్‌కు రైలు 1891లో మొదలైంది. 20వ శతాబ్దపు తొలి ఏళ్లలో విస్ప్‌లో లోంజా రసాయన కర్మాగారం వెలిసింది. దాంతో కొండమీది రైతు పగలు ఫ్యాక్టరీలో పనిచేసి, సాయంత్రం గడ్డి కోసుకునే మనిషిగా మారాడు. అయితే రంగాలవారీ ఉపాధి పట్టికలు సాధారణంగా ఆ ఊళ్లో ఉన్న ఉద్యోగాలను లెక్కిస్తాయి తప్ప ఊరివారు బయట చేసే ఉద్యోగాలను కాదు. అందుకే ఆ అంకెల పక్కన రోజూ కిందికి వెళ్లి వచ్చేవారి సంఖ్యను కూడా చూడకపోతే ఊరంతా వ్యవసాయం మీదే బతుకుతోందని పొరబడతాం. భూవినియోగ పట్టికలో 'ఉత్పత్తి లేని' నేల అన్నచోట రాళ్లు, మంచుగడ్డలు, వాగులు ఉంటాయి. ఆ మంచే కాలువలకు నీరిచ్చిందని పక్కన రాసుకోండి.

స్విస్ చారిత్రక నిఘంటువు జర్మన్, ఫ్రెంచ్, ఇటాలియన్ భాషల్లో ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది. యాంత్రిక అనువాదంతో చదవవచ్చు గానీ, ఊరి పౌరుల సంఘాన్నీ ఊరి పాలనా సంస్థనూ అది ఒకటే చేసేస్తుంది. ఆ రెండూ వేరు. ఉమ్మడి బీడు, అడవి ఎక్కువచోట్ల మొదటిదానివి. నెట్టింగ్, ఆస్ట్రమ్ రచనల కోసం ఉస్మానియా, హైదరాబాద్ విశ్వవిద్యాలయాల గ్రంథాలయాల్లో సామాజిక శాస్త్రాల విభాగాన్ని అడగండి.

చివరి పని మీ సొంత ఊళ్లో ఉంది. పండుగకు వెళ్లినప్పుడు రెవెన్యూ నక్షా ఒకటి సంపాదించి, చెరువు, శిఖం భూమి, పశువులు మేసే బీడు, వాగు ఎక్కడెక్కడ ఉన్నాయో గుర్తు పెట్టండి. తర్వాత పెద్దవారి దగ్గర కూర్చుని, బీడు మీదికి ఎవరి పశువులు వచ్చేవో, ఎవరివి రాకూడదో, చెరువు నిండని ఏడాది నీటి వంతు ఎవరిదాకా వచ్చి ఆగేదో అడిగి, వారి మాటల్లోనే రాసుకోండి. టోర్బెల్‌లో అలాంటి మాట 1483లోనే కాగితం మీదికెక్కింది.