పిల్లలకు ఇంగ్లిష్ అక్షరాల శబ్దాలు నేర్పడం ఎలా?

‘సీ’, ‘ఏ’, ‘టీ’ అని ఎంత వేగంగా పలికించినా ‘సీయేటీ’ అవుతుంది కానీ ‘క్యాట్’ అవ్వదు. తెలుగులో ‘క’ పేరూ, శబ్దమూ ఒకటే. ఇంగ్లిష్‌లో అలా కాదు. ‘డబ్ల్యూ’ అనే పేరులో ‘వ్’ ఎక్కడా వినపడదు. ఈ తేడా తెలియక, 26 అక్షరాలూ గడగడా అప్పజెప్పే పిల్లలు కూడా కొత్త మాట దగ్గర ఆగిపోతారు.

విజయవాడ పటమటలో సాయంత్రాలు పిల్లల్ని చదివించేటప్పుడు నాకు అన్నిటికన్నా అక్కరకొచ్చింది మన పొల్లు. పలక మీద ‘స’, పక్కనే ‘స్’ రాసి రెండూ పలికించండి. ఇంగ్లిష్ ‘ఎస్’ శబ్దం ఆ రెండోదే అని చెప్పండి. ‘ప’, ‘న’ అని అకారంతో నేర్పితే ఎంత కలిపినా ‘పిన్’ రాదు. ‘ప్’, ‘న్’ అనే పలకాలి.

అక్షరమాల వరసలో వెళ్లకండి. మొదట ఎస్, ఏ, టీ, పీ, ఐ, ఎన్ చాలు. ఈ ఆరింటితోనే ట్యాప్, పిన్, టిన్, సిప్, ప్యాంట్ చదివేయొచ్చు. వీటిలో ‘ఏ’ శబ్దమే కష్టం. ‘వచ్చాడు’ అని మామూలుగా అనమనండి. ‘చా’ దగ్గర నోరు ఎలా తెరుచుకుంటుందో చూపించి, దాన్నే పొట్టిగా పలికించండి.

ఇప్పుడు శబ్దాలు కలపాలి. తొందరపడకూడని చోటు ఇదే. ‘స్’, ‘న్’ సాగదీయడానికి వీలైన శబ్దాలు. ‘ట్’, ‘ప్’ సాగవు. అందుకే ‘సిప్’తో మొదలుపెట్టండి. అక్షరాల కింద వేలు జరుపుతూ, మధ్యలో ఆపకుండా ‘స్‌స్‌స్... ఇ... ప్’ అనిపించండి. మన పిల్లలు చివర ‘ఉ’ చేరుస్తారు. ఇంట్లో వినేది బస్సు, పెన్ను, కప్పు కదా! తిట్టకండి. ‘కప్పు’, ‘కప్’ రెండూ పలికి తేడా విననివ్వండి.

చదవడంతో పాటు రాయడం కూడా ఉండాలి. మీరు ‘పిన్’ అనండి. ఎన్ని శబ్దాలు వినిపించాయో వేళ్ల మీద లెక్కపెట్టి, అట్టముక్కల మీద రాసిన అక్షరాలను వాళ్లే పేర్చాలి. రోజుకు పది నిమిషాలు చాలు, టెన్షన్ పెట్టొద్దు. బీ, డీ మాత్రం ఒకే వారంలో చెప్పకండి, తారుమారవుతాయి.

ఇంగ్లిష్‌లో శబ్దాలు సుమారు 44, అక్షరాలు 26. అందుకే ‘షిప్’లో ఎస్, హెచ్ కలిసి ఒకే శబ్దం ఇస్తాయి. చిన్న మాటలు ధారాళంగా వచ్చాకే ఇవి చెప్పాలి.

ఆ తర్వాత బెంజ్ సర్కిల్ వైపు వెళ్లినప్పుడు బోర్డు చూపించండి. ‘సర్కిల్’లో సీ రెండుసార్లు వస్తుంది: మొదట ‘స్’, తర్వాత ‘క్’. సీ తర్వాత ఈ, ఐ, వై ఉంటే ‘స్’, మిగతా చోట్ల చాలావరకు ‘క్’. ‘సిటీ’, ‘కాఫీ’ అనే బోర్డులు కనిపిస్తే మీరు చదివేయకుండా వాళ్లు తేల్చుకునేదాకా ఆగండి.