ముందు ఆ బ్యాకప్ డిస్కు పీకండి

సార్వా కోతలు దగ్గరకొచ్చేశాయి. ఇంకో రెండు వారాల్లో మిల్లుల ముందు లారీలు బారులు తీరతాయి. ట్రక్ షీట్లు, గోనె సంచుల లెక్కలు, బ్యాంకు గ్యారంటీ కాగితాలు మీద పడ్డాక ఎవరికీ ఊపిరాడదు. అందుకే ఇది ఇప్పుడే రాస్తున్నాను. డెల్టాలో మిల్లులకీ, మేత డీలర్లకీ, ఆడిటర్ ఆఫీసులకీ కంప్యూటర్లు చూసిపెట్టడం నా పని. పోయిన నెల మా వైపు ఒక మిల్లు ఆఫీసులో చూసొచ్చింది ఇంకా మనసులోంచి పోలేదు.

శనివారం సాయంత్రం అధికారులకి ఒక అర్జీ తెలుగులో టైపు చెయ్యాల్సొచ్చింది. గుమాస్తా కుర్రాడు తెలుగు టైపింగ్ సాఫ్ట్‌వేర్ క్రాక్ (డబ్బు కట్టకుండా వాడుకునే దొంగ కాపీ) ఒకటి వెతికి దించాడు. యాంటీవైరస్ అరిచింది. ఇన్‌స్టాల్ అయ్యేదాకా యాంటీవైరస్ ఆపుకోమని ఆ క్రాక్‌తో వచ్చిన సూచనల్లోనే ఉంది, ఆపాడు. అర్జీ ప్రింటు తీసి, కంప్యూటరు బ్యాకప్ కోసమని ఆన్‌లోనే వదిలి, తాళం వేసుకుని ఇంటికెళ్లాడు. సోమవారం పొద్దున చూస్తే ఏ ఫైలూ తెరుచుకోదు. ప్రతి ఫైలు పేరు చివరా నాలుగక్షరాల కొత్త తోక. డెస్క్‌టాప్ మీద ఒక నోటు: 980 డాలర్లు, 72 గంటల్లో కడితే సగం.

ఓనరు గారేం కంగారు పడలేదు. "బ్యాకప్ ఉంది కదండీ" అన్నారు నాతో. ఉంది. సీపీయూ వెనకాల, ఎవరూ పట్టుకుపోకుండా డబుల్ టేపుతో అంటించి మరీ ఉంది. రెండేళ్లుగా రోజూ సాయంత్రం ఏడింటికి దానంతటదే కాపీ అవుతోంది. తెరిచాం. అందులో ఫైళ్లకీ అదే తోక.

అప్పుడు కూలబడ్డారండి ఆయన.

యాంటీవైరస్ వేసుకోండి, పాస్‌వర్డు గట్టిగా పెట్టుకోండి, తెలియని మెయిల్ తెరవకండి. ఇవి మీకు ఎవరైనా చెప్తారు కాబట్టి వదిలేస్తున్నాను. నేను ఈ పనిలో ఉన్నన్నాళ్లూ ఆఫీసుల్ని ముంచిన తప్పు ఒక్కటే చూశాను: బ్యాకప్ డిస్కుని కంప్యూటరుకి గుచ్చి అలాగే వదిలెయ్యడం.

డిస్కు సంగతి

ఫైళ్లకి తాళం వేసే ఈ వైరస్‌ని రాన్సమ్‌వేర్ అంటారు. దానికి మీ డేటా ఏది, బ్యాకప్ ఏది అని తేడా తెలియదు, తెలిసినా వదలదు. కంప్యూటరు ముందు కూర్చున్న మనిషికి ఏయే డ్రైవులు కనిపిస్తాయో అవన్నీ దానికీ కనిపిస్తాయి. సి, డి, పక్క గది కంప్యూటరులో అందరికీ తెరిచిపెట్టిన ఫోల్డరు, వెనకాల గుచ్చిన డిస్కు, అన్నీ ఒకటే. చాలా రకాలు ముందుగా విండోస్ తనంతట తాను దాచుకునే పాత కాపీలని చెరిపేసి, ఆ తర్వాతే తాళాలు మొదలుపెడతాయి. మనం వెనక్కి వెళ్లే దారి కొట్టెయ్యడమే దాని మొదటి పని.

విత్తనాల వడ్లు తిండిగింజల గాదెలో కలిపే రైతు మన డెల్టాలో ఉన్నాడా? పురి విడిగా కట్టి, తేమ తగలకుండా, ఎలుక చేరకుండా దాస్తాం. అదే ఇంట్లో కొడుకు మిల్లు పెట్టి, పదేళ్ల లెక్కలకి ఉన్న ఒక్క కాపీనీ ఆ లెక్కలున్న కంప్యూటరుకే అంటించి కూర్చుంటాడు.

కాబట్టి పద్ధతి ఇది. డిస్కులు రెండు కొనండి. ఇంకోటి కొన్నా, మీరు లెక్కలు రాసుకునే ట్యాలీ సాఫ్ట్‌వేర్ లైసెన్సు కంటే చాలా తక్కువే. ఒకటి సోమవారానిది, ఒకటి గురువారానిది. గుచ్చండి, కాపీ చెయ్యండి, పీకండి, బీరువాలో పెట్టండి. రెండోది ఆఫీసులో ఉండకూడదు, ఓనరు గారింటికి వెళ్లాలి. కోనసీమ లంకల వైపు ఆఫీసులున్నవాళ్లు దాన్ని తాడేపల్లిగూడెంలోనో రాజమండ్రిలోనో బంధువులింట్లో ఉంచితే ఇంకా మంచిది. నవంబరులో తుఫాను వస్తే నీళ్లు సీపీయూనీ బీరువా కింది అరనీ కలిపే ముంచుతాయి. 1996 నవంబరు చూసినవాళ్లకి ఇది చెప్పక్కర్లేదు.

"వారానికి రెండుసార్లు గుచ్చడం పీకడం ఎవరు చేస్తారండీ, మర్చిపోతాం" అంటారు. మర్చిపోండి. వారంలో ఒకరోజు మర్చిపోతే మహా అయితే వారం పని పోతుంది. పీకడం మర్చిపోతే మొత్తం పోతుంది.

గూగుల్ డ్రైవ్ ఉందిగా అనేవాళ్లకి: కంప్యూటరులో ఫోల్డరుతో జోడించి పెట్టుకుంటే, తాళం పడిన ఫైలు కూడా బుద్ధిగా పైకి వెళ్లి కూర్చుంటుంది. పాత వెర్షను 30 రోజుల వరకూ వెనక్కి తెచ్చుకోవచ్చు, కాకపోతే వేల ఫైళ్లు ఒక్కొక్కటే తేవాలంటే ఎంత పనో ఆలోచించండి. ఉండనివ్వండి, దాని మీదే ఆధారపడకండి.

ఆ మిల్లులో చివరికి ఏం మిగిలిందో చెప్తాను. ట్యాక్స్ ఆడిట్ కోసం ఆడిటరు గారికి పంపిన ట్యాలీ కాపీ ఒకటి. జీఎస్టీ పోర్టల్లోంచి జీఎస్టీఆర్-1 రిటర్నులు, ఈ-వే బిల్లుల పోర్టల్లోంచి బిల్లులు, బ్యాంకు నుంచి స్టేట్‌మెంట్లు దించి అమ్మకాలు, కొనుగోళ్లు ఎలాగో నిలబెట్టాం. రైతులకిచ్చిన అడ్వాన్సులు, హమాలీ బాకీలు, సంచుల అప్పులు మాత్రం ఏ పోర్టల్లోనూ ఉండవు కదా. జీఎస్టీ చట్టం 36వ సెక్షను లెక్కల్ని వార్షిక రిటర్ను గడువు తేదీ నుంచి 72 నెలలు దాచమంటుంది. వైరస్ తినేసిందంటే వింటారా?

కాటా గది కంప్యూటరు ఒక్కటి బతికింది. దాని నెట్‌వర్క్ తీగని ఎలుక కొరికేసి మూడు వారాలైంది, బాగుచెయ్యడానికి ఎవరికీ తీరిక దొరకలేదు. నవ్వకండి. 2017 జూన్‌లో నాట్‌పెట్యా అనే వైరస్ మెర్స్క్ అనే పెద్ద ఓడల కంపెనీని ప్రపంచమంతటా నేలమట్టం చేసింది, ముంబై పక్కనున్న జవహర్‌లాల్ నెహ్రూ రేవులో వాళ్ల టెర్మినల్ కూడా ఆగింది. వాళ్ల నెట్‌వర్క్‌కి ఆయువుపట్టైన డొమైన్ కంట్రోలర్లన్నీ పోగా ఒక్కటి మిగిలింది. ఆఫ్రికాలో ఘనా ఆఫీసులోది. ఎందుకు మిగిలిందంటే, దాడి సమయానికి అక్కడ కరెంటు పోయింది. తీగ తెగితే బతికారు, కరెంటు పోతే బతికారు. మనం ఎలుక కోసం చూడకుండా మన చేత్తోనే పీకొచ్చు కదా.

అదే తప్పు, రెండోసారి

ఇది ఇంకా ఘోరం. డిస్కు బీరువాలోనే ఉంది, శుభ్రంగా ఉంది. వైరస్ పడింది. కంగారులో ఎవరో "బ్యాకప్ బాగుందో లేదో చూద్దాం" అని దాన్ని తెచ్చి ఆ రోగిష్టి కంప్యూటరుకే గుచ్చుతారు. ఐదు నిమిషాల్లో అదీ పోతుంది. రెండు ఆఫీసుల్లో చూశాను ఇది. ఒకచోట గుచ్చింది ఓనరు గారి అల్లుడు, బీటెక్. డిస్కు చూడాలంటే వేరే కంప్యూటరు, నెట్ లేనిది, అప్పుడే విండోస్ కొత్తగా వేసినది. ఇంకెక్కడా గుచ్చొద్దు.

తాళం పడిందని తెలియగానే నెట్‌వర్క్ తీగ లాగెయ్యండి, వైఫై ఆపండి, మిగతా కంప్యూటర్లకి కూడా. రీస్టార్ట్ కొట్టకండి. కళ్లముందే ఫైళ్ల పేర్లు మారిపోతూ ఉంటే మాత్రం ప్లగ్గు పీకేయండి, మిగిలినవైనా దక్కుతాయి. ఆ నోటుని ఫోనుతో ఫొటో తియ్యండి. కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సర్ట్-ఇన్‌కి ఆరు గంటల్లో తెలియజెయ్యాలని 2022 ఏప్రిల్ ఆదేశాలున్నాయి. సైబర్ క్రైమ్ పోర్టల్లో ఫిర్యాదు పెట్టండి, ఖాతాలోంచి డబ్బు కూడా కదిలితే ముందు 1930కి ఫోను. నో మోర్ రాన్సమ్ అనే సైటులో కొన్ని రకాల వైరస్‌లకి తాళంచెవులు ఉచితంగా దొరుకుతాయి. ఈ రోజు లేకపోయినా తర్వాత రావచ్చు, తాళం పడిన ఫైళ్లు చెరిపెయ్యకుండా పక్కన దాచండి. డబ్బు కట్టొద్దు. కట్టినా తాళంచెవి ఇస్తారని భరోసా ఏమీ లేదు.

ఇక మిగతావి, గుర్తొచ్చిన వరసలో

క్రాక్ సాఫ్ట్‌వేర్లు వద్దు. యాంటీవైరస్ ఆపమన్న ఏ సాఫ్ట్‌వేరూ వద్దు.

విండోస్ 7కి సపోర్టు 2020 జనవరి 14న, విండోస్ 10కి 2025 అక్టోబరు 14న అయిపోయింది. అలాంటివి ఉంటే నెట్ నుంచి తప్పించండి, ప్రింటర్ పని చేసుకోనివ్వండి.

అప్‌డేట్‌ని "రేపు" అని తోసెయ్యకండి. వన్నాక్రై అనే రాన్సమ్‌వేర్ వాడుకున్న కన్నానికి మైక్రోసాఫ్ట్ 2017 మార్చి 14నే అతుకు ఇచ్చింది. దాడి మే 12న. రెండు నెలలు తోసేసినవాళ్లే మునిగారు, మన రాష్ట్ర పోలీసు కంప్యూటర్లు కొన్నింటితో సహా.

ఊరు వెళ్లినప్పుడు ట్యాలీ చూసుకోడానికని రూటర్లో 3389 పోర్టు (బయటి నుంచి మీ కంప్యూటరు నడిపించే రిమోట్ డెస్క్‌టాప్ తలుపు) తెరిపించారా? మూయించండి, ఇవాళే. తెరిచిన తలుపుల కోసం రాత్రీ పగలూ తడుముతూనే ఉంటారు. బయటి నుంచి చూడాలంటే వీపీఎన్, అంటే తాళం ఉన్న సొంత దారి, పెట్టించండి.

జిరాక్స్ షాపు నుంచి వచ్చిన పెన్‌డ్రైవ్ ట్యాలీ ఉన్న కంప్యూటరులో పెట్టొద్దు. రైతు సేవా కేంద్రం నుంచి వచ్చిందైనా అంతే.

పెన్‌డ్రైవ్‌లో ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్లయిపోతే ఫైళ్లు చాలాసార్లు పోవు, దాక్కుంటాయి. ఫార్మాట్ కొట్టకండి, ఆ షార్ట్‌కట్లు నొక్కకండి, తెలిసినవాళ్లకివ్వండి.

ఫైలు పేరు చివరి తోక కనిపించేలా సెట్టింగ్ మార్చండి. పీడీఎఫ్ అని నమ్మించి చివర ఈఎక్స్‌ఈ ఉంటుంది, అంటే అది కాగితం కాదు, నొక్కగానే నడిచే ప్రోగ్రాం.

రోజూ పనిచేసే లాగిన్‌కి అడ్మిన్ హక్కులు (ఏ సాఫ్ట్‌వేరైనా వేసే, ఏ సెట్టింగైనా మార్చే హక్కులు) వద్దు. ఓనరు గారికి కూడా వద్దు. ఆయనకి అసలే వద్దు.

డి డ్రైవ్ మొత్తం అందరికీ తెరిచిపెట్టకండి. ఎవరి ఫోల్డరు వారికి.

"మీ లైసెన్సు అయిపోయింది, ఎనీడెస్క్ నంబరు చెప్పండి" అంటే ఫోను పెట్టెయ్యండి. ఆ నంబరిస్తే మీ కంప్యూటరు వాళ్ల చేతికిచ్చినట్టే.

వాట్సాప్‌లో పెళ్లి శుభలేఖ, చలానా, ఏదైనా సరే, ఏపీకే ఫైలైతే (ఫోనులో యాప్ వేసే ఫైలు) నొక్కొద్దు. మిల్లు బ్యాంకు ఖాతా ఓటీపీ వచ్చే ఫోనులో అసలు నొక్కొద్దు.

సీజన్‌కి పెట్టుకున్న కుర్రాడు సంక్రాంతికి మానేస్తాడు. లాగిన్ ఆ రోజే తీసెయ్యండి.

నెలకోసారి డిస్కులోంచి ట్యాలీ డేటాని వేరే కంప్యూటరులో తెరిచి చూడండి. తెరుచుకోని బ్యాకప్ ఉన్నట్టు కాదు.

ప్రతి డిస్కు మీదా ఆఖరి కాపీ తేదీ మార్కరుతో రాయండి. రాశాక పీకండి.