వాగు మీ చెరువుకు ఏం తెచ్చిందో చూసి తెలుసుకోండి ఇలా

దసరా దాటి, నీళ్లు కొంచెం తేరుకున్నాక వెళ్లండి. వరంగల్ వైపు పాకాల చెరువైనా, మీ ఊరి చెరువైనా, కట్ట మీద నిలబడితే ఏమీ తెలియదు, వాగు వచ్చి కలిసే వైపు, అంటే శిఖం (చెరువు నీళ్లు నిలిచే నేల) పైకొసకు నడవాలి.

అక్కడ నీటి వేగం ఒక్కసారిగా పడిపోతుంది, అందుకే బరువైన ఇసుక ముందే దిగిపోతుంది, ఒండ్రు ఇంకాస్త లోపలికి పోతుంది, జిగట మట్టి మాత్రం కట్ట దాకా వెళ్లి నెమ్మదిగా కూర్చుంటుంది. మూడు చోట్ల పిడికెడు మట్టి తీసి వేళ్లతో నలపండి. గరగరలాడితే ఇసుక, పిండిలా జారితే ఒండ్రు, ఉండ చేస్తే నిలిచి గోళ్లకు అంటుకుంటే జిగట మట్టి. అనుమానముంటే సీసాలో నీళ్లతో గిలకొట్టి పెట్టండి: ఇసుక నిమిషంలో అడుగుకు చేరుతుంది, ఒండ్రుకు గంటలు, జిగట మట్టికి రోజులు కూడా పట్టొచ్చు.

తర్వాత మొక్కలు చూడండి. మేట వేసి నీళ్లు మోకాలి లోతుకు తగ్గిన చోట తుంగ, జమ్ము లేస్తాయి, వాటి కాడలు నీటిని ఇంకా నెమ్మది చేసి మరింత మట్టిని పట్టేస్తాయి. బురద అంచున నత్తలు, పురుగులు, వాటి కోసం కొంగలు, ఉల్లంకులు. నాకైతే చెరువులో అన్నిటికంటే విలువైన చోటు అదే.

2015లో తెలంగాణలో చెరువుల పూడిక తీసే మిషన్ కాకతీయ పథకం మొదలయ్యాక పూడిక చేలకు తోలుకున్నాం, మంచిదే, కానీ ఆ జమ్ము అంచును కూడా నున్నగా చెక్కేస్తే చేపపిల్లలు దాక్కునే చోటు, పిట్టలు గూళ్లు కట్టే చోటు పోతాయి. పూడిక నడిమధ్య తీయండి, వాగు మొగ దగ్గర అంచును దయచేసి వదిలేయండి.